ముప్ఫైకి ఇరవైనాలుగు తూటాలు

డ్వైట్ కోల్‌బర్న్ ఆ కాగితాన్ని తన దుకాణం అద్దానికి లోపలివైపు అతికించాడు. జూలై మొదటి వారం. నేను కంచె మేకుల కోసం వెళ్లి చూశాను. సెప్టెంబరు పోటీలో ఇకమీదట ఇంట్లో నింపుకున్న తూటాలు పనికిరావు, కంపెనీ తూటాలే వాడాలి అని రాసి ఉంది. కింద రివాల్వర్ క్లబ్బు అధ్యక్షుడి సంతకం. అధ్యక్షుడు కూడా డ్వైటే.

కారణం లేకపోలేదు. పోయిన వేసవిలో ఒకాయన ఒకే తూటాలో మందు రెండుసార్లు పోసి, తుపాకీ పగలగొట్టుకుని, బొటనవేలు సగం పోగొట్టుకున్నాడు. బీమా వాళ్లు క్లబ్బుకి ఉత్తరం రాశారు. అది నేను కాదనను.

కాని నాది ముప్ఫైరెండు-ఇరవై రివాల్వర్. గొర్రెల క్యాంపులో మా నాన్న నడుముకు కట్టుకు తిరిగిన కోల్ట్. ఒకప్పుడు దాని తూటాలు పిండి బస్తాల పక్కనే అమ్మేవాళ్లు. ఇప్పుడు ఆ కొలత తుపాకీలు తగ్గిపోయాయి. కంపెనీలకు బుద్ధి పుడితే రెండేళ్లకోసారి నాలుగు పెట్టెలు చేస్తాయి. అందుకే నలభై ఏళ్లుగా సీసం నేనే కరిగించి, అచ్చులో పోసి, పాత ఇత్తడి గొట్టాలే మళ్లీ నింపుకుంటున్నాను. కాఫీ ఖర్చు కంటే తక్కువలో పోయేది.

లోపలికి వెళ్లాను. కౌంటరు దగ్గర ఇద్దరు కాఫీ తాగుతున్నారు.

“ఏం పెద్దాయనా, చదవడం అయిందా, ఇంకా సగంలోనే ఉన్నావా?” అన్నాడు డ్వైట్.

“అయింది. ముప్ఫైరెండు-ఇరవై పెట్టె ఒకటి ఇవ్వు.”

ముగ్గురూ నవ్వారు.

“మీ నాన్నతో పాటు వచ్చుంటే ఇచ్చేవాణ్ణి. నాలుగేళ్లయింది ఆ సరుకు మొహం చూసి. ఆర్డర్ పెడతా. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పెట్టె తొంభైనాలుగు డాలర్లు.”

“యాభై తూటాలకా?”

“యాభైకే. ఆ డబ్బుతో గొర్రెపిల్లని కొనుక్కోవచ్చు గదా?”

“ముసలి గొర్రె వస్తుంది. పిల్ల రాదు,” అన్నాను. “ఆర్డర్ పెట్టు.”

“ఎందుకు పెద్దాయనా ఈ తంటాలు? తొమ్మిది మిల్లీమీటర్ తుపాకీ ఒకటి తీసుకుని ఇంటి వెనక డబ్బాలు కొట్టుకో హాయిగా. తూటాలు చిక్కుడు గింజల్లా దొరుకుతాయి.”

“కొయ్య?”

“కొయ్య సంగతి నీకు తెలిసిందేగా,” అన్నాడు, మేకులు తూస్తూ.

తెలుసు. మా క్లియర్‌ఫోర్క్ రేంజ్‌లో నిలబడి కాల్చే గీత వెంట పన్నెండు జునిపర్ కొయ్యలు పాతి ఉంటాయి. ఒక్కో కొయ్య మీద ఒక్కో కుటుంబం తన మందకు వేసే ముద్ర కాల్చి పెట్టుకుంటుంది. ముద్ర వేసిన రోజు ఏ రివాల్వర్‌తో నిలబడ్డారో, ఎన్ని తరాలైనా దాంతోనే నిలబడాలి. ఏటా సెప్టెంబరులో ముప్ఫై గుళ్లు కాల్చి, మూడు వందల్లో రెండు వందల పది తెచ్చుకోవాలి. తక్కువైతే, లేదా అసలు రాకపోతే, ఆ సాయంత్రమే చిత్రిక పట్టి ముద్ర తీసేస్తారు. కొయ్య కోసం కాచుకున్నవాళ్ల జాబితాలో ముందున్నవాడు తన ముద్ర ఇనుము కాల్చి అదే చోట పెడతాడు. ఈ ఏడు జాబితాలో ముందున్నది డ్వైట్ అల్లుడు.

ఏడో కొయ్య మాది. అడ్డగీత మీద అర్ధచంద్రం. పందొమ్మిది వందల ముప్ఫై ఒకటిలో మా నాన్న పెట్టాడు, ఇంగ్లీషు ముక్క రాకముందే. గొర్రెలు అమ్మేసి ఇరవై ఏళ్లు దాటింది. నేల డెన్వర్ డాక్టరు చేతికి పోయింది. ఆ ముద్ర ఇప్పుడు ఏ జీవం ఒంటి మీదా లేదు. ఆ కొయ్య మీద ఉంది, అంతే.

ముప్ఫై తూటాలు కావాలి. చేతిలో రెండు నెలలున్నాయి. వెతకడం మొదలుపెట్టాను.

షెరిడాన్ ఊళ్లో పెద్ద దుకాణానికి వెళ్లాను. కౌంటరు వెనక గడ్డం నున్నగా గీసుకున్నతను ఉన్నాడు. “ముప్ఫైరెండు-ఇరవయ్యా? తూటా పేరా సార్ అది, బస్సు నంబరా?” అన్నాడు. పాపం, యంత్రంలో వెతికి చూశాడు. ఎక్కడో ఒహాయోలో రెండు పెట్టెలు ఉన్నాయన్నాడు. తెప్పించే ఖర్చుతో కలిపి చెప్పిన ధర విని టోపీ పెట్టుకున్నాను. నా పింఛనులో అది మూడు వారాల తిండి.

ఆగస్టులో జిలెట్‌లో తుపాకుల సంత. ఒకతని బల్ల మీద పాత పెట్టె కనిపించింది, పచ్చరంగు అట్ట, మూత తీయనిది. నూట ఎనభై అన్నాడు.

“కాల్చడానికి కావాలి,” అన్నాను. “కొంచెం చూసి చెప్పు.”

“కాలుస్తావా? దీన్నా?” అన్నాడు. నేను అతని కుక్కని వండుకు తింటానన్నట్టు చూశాడు. “పెట్టె మూత తీస్తేనే సగం విలువ పోతుంది సార్. ఇది అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువు.”

“తూటా కాల్చడానికి చేస్తారు,” అని ముందుకు నడిచాను.

చివరి బల్ల దగ్గర ఒక ముసలామె రేకు డబ్బాలో విడి తూటాలు పోసి అమ్ముతోంది. ఏదైనా ఒక డాలరు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటి పట్టుకుని అడుగున ఉన్న కంపెనీ గుర్తు చూస్తూ గంటసేపు ఏరాను.

“చిక్కుళ్లలో రాళ్లు ఏరుతున్నావా అయ్యా?” అందామె.

“రాళ్లలో చిక్కుళ్లు,” అన్నాను.

పదకొండు దొరికాయి.

అక్కడి నుంచి తిరిగి వస్తూ మాయితే ఇంటి దగ్గర ఆగాను. మాయితే మా వాళ్లే, సముద్రం దాటి గొర్రెలు కాయడానికి వచ్చిన బాస్క్ జాతి మనిషి. ఆమె మొగుడు గానిష్, నేను కలిసి పదిహేడేళ్లు మందలు కాశాం. అతను పోయి రెండు చలికాలాలైంది. అతనికి ఇదే కొలత రైఫిల్ ఉండేదని దారిలో గుర్తొచ్చింది.

ఆమె ఇనుప కుండలోంచి రొట్టె తీస్తోంది. నన్ను చూసి, “అయ్యో, ఇంకా బతికే ఉన్నావా బెన్యాట్? కూర్చో. కాళ్లు తుడుచుకుని కూర్చో,” అంది.

గొర్రెమాంసం పులుసు పెట్టింది. తింటూ విషయం చెప్పాను.

“అంటే నువ్వు నన్ను చూడ్డానికి రాలేదన్నమాట. తూటాల కోసం వచ్చావు.”

“రెండింటికీ.”

“అబద్ధం కూడా పొదుపుగానే ఆడతావు ముసలోడా,” అని లేచి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో పెట్టె ఉంది, నూనె గుడ్డలో చుట్టి, మైనం పూసిన దారంతో కట్టి. గానిష్ ముడి. అదే కొలత, కింద కంపెనీ పేరు, గుడ్డ మూల నుంచి కనిపిస్తోంది. ఎత్తి చూశాను. బరువు సరిగ్గా ఉంది. నిండు పెట్టె.

“యాభై ఉంటాయి. రైఫిల్ అయితే మేనల్లుడికి ఇచ్చేశా. ఇవెవడికి? తీసుకుపో.”

మా వాళ్లలో ఒక పద్ధతుంది. ఒక ఇల్లు కట్టి ఇచ్చినదాన్ని ఆ గుమ్మంలో విప్పి చూడం. చూస్తే ఆ ఇంటి మాట నమ్మనట్టు. చావు జరిగిన ఇల్లయితే మరీను. పెట్టెను కోటు లోపల పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లాక కూడా ముడి విప్పలేదు. నూనె గుడ్డలో ఉన్న తూటాకి తేమ తగలదు, పోటీ వారంలో విప్పుదామని అరలో పెట్టాను. యాభైకి పదకొండు కలిపితే అరవై ఒకటి. వెతకడం మానేశాను. బఫెలో ఊళ్లో ఒకాయన పాత సరుకు అమ్ముతున్నాడని తెలిసి కూడా వెళ్లలేదు.

పోటీ శనివారం. ముందు మంగళవారం పొద్దున, ఆరు కాల్చి కంపెనీ తూటా గుండు ఎటు పోతుందో చూసుకుందామని ముడి విప్పాను.

పైవరసలో పదమూడు కంపెనీవి. మిగతా ముప్ఫై ఏడు గానిష్ నింపుకున్నవి. గుళ్లు చూడగానే తెలిసింది. అతనికి అచ్చు అరువిచ్చింది నేనే. నా అచ్చులో ఒకవైపు వెంట్రుకంత గీత పడుతుంది. ముప్ఫై ఏడింటి మీదా ఆ గీత ఉంది.

పదమూడు, పదకొండు. ఇరవైనాలుగు.

కాఫీ చల్లారేదాకా కూర్చున్నాను. గానిష్ తూటాలు మంచివి, నా వాటికంటే తీరుగా ఉంటాయి. కంపెనీ పెట్టెలో పెట్టి గీత దగ్గర మూత తెరిస్తే అనుమానించేవాడు లేడు. ఆ సంగతి ఎంతసేపు ఆలోచించానో రాయను. చివరికి ఆ ముప్ఫై ఏడూ తీసి పిండి డబ్బాలో పోశాను. ముద్రని నిలబెట్టుకోవడానికి దొంగతనంగా నిలబడితే, ఇక ఆ ముద్రకి అర్థమేముంది? గొర్రెల దొంగలు పక్కవాడి మందని తమదని చెప్పుకోకుండా ఉండాలనే గదా ముద్ర పుట్టింది.

డ్వైట్‌కి ఫోన్ చేశాను. రాలేదన్నాడు. శుక్రవారం మళ్లీ చేశాను. రాలేదన్నాడు. బఫెలో ఆయన సరుకు అప్పటికే అమ్ముడుపోయింది.

ఈలోగా క్లబ్బు నియమాల పుస్తకం తీశాను. తొమ్మిది పేజీలు. నేను బడికి పోయింది మూడు చలికాలాలు, అవీ గొర్రెలు ఈనని రోజుల్లో. మాట మాట మీద వేలు పెట్టుకుని చదువుతాను. మూడు పొద్దులు పట్టింది. ఐదో పేజీలో ఉంది: పోటీదారు ఐదు వరసలూ గీత మీద నిలబడి పూర్తి చేయాలి, మధ్యలో గీత వదిలితే పోటీ వదులుకున్నట్టు, కాల్చని గుండు సున్నా. కనీసం ఇన్ని కాల్చాలని ఎక్కడా లేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. లేదు.

అంటే ఇరవైనాలుగుతో రెండు వందల నలభై దాకా తెచ్చుకోవచ్చు. నాకు కావలసింది రెండు వందల పది. ప్రతి గుండూ తొమ్మిదో పదో కొట్టాలి, ఎనిమిదులు కొన్నే పడాలి. పరీక్షించి చూసుకోవడానికి ఒక్కటి కూడా లేదు. పైగా ఎనభై ఒకటో ఏట, మా పోటీ పద్ధతి ప్రకారం ఒంటి చేత్తో.

శనివారం గాలి తక్కువ. నాకు అనుకూలం. రేంజ్ అంతా ట్రక్కులు. ఇటువైపు మాయితే పొయ్యి పెట్టి సాసేజీలు, చిక్కుళ్లు అమ్ముతోంది.

“యాభై సరిపోతాయా?” అని అరిచింది.

“సరిపోతాయి.”

పెట్టెలో గానిష్ నింపుకున్నవి ఉన్న సంగతి అందరిముందూ ఎందుకు?

పోటీ నడిపేది లోర్నా హెడ్‌స్ట్రమ్. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆమె ఈల వేస్తే గుర్రాలు కూడా ఆగుతాయి. తూటాలు తనిఖీ చేస్తూ నా దగ్గరికి వచ్చింది. డ్వైట్ కూడా వెనకే వచ్చాడు.

“ఇరవైనాలుగే ఉన్నాయి బెన్యాట్ గారూ,” అంది లోర్నా.

“ఉన్నవి అవే.”

“ముప్ఫై కావాలి గదా.”

“ఐదో పేజీ,” అన్నాను.

ఆమె నా మొహం చూసింది. తర్వాత పుస్తకం తీసి నిలబడే చదువుకుంది. పెదవి కొరుక్కుంది. “సరే. కంపెనీవే. నిలబడండి.”

“ఆరు సున్నాలతోనా?” అన్నాడు డ్వైట్, పక్క కొయ్యల వాళ్లకి వినిపించేలా. “పెద్దాయనా, కుంటిగుర్రాన్ని పందెంలోకి తెస్తున్నావే!”

“పరిగెత్తేది అదిలే. నువ్వెందుకు ఆయాసపడతావ్?” అన్నాను. అవతల ఎవరో గట్టిగా నవ్వారు.

పాతిక గజాలు. వరసకి ఆరు గుళ్లు, రెండు నిమిషాలు. వరస అయ్యాక ఎవరి కాగితం వాళ్లు తెచ్చి లోర్నా పెట్టెలో వేయాలి. లెక్క చివర్లో ఆమె కడుతుంది.

మొదటి వరస కాల్చి కాగితం దగ్గరికి వెళ్లాను. గుళ్లన్నీ ఒక గుప్పిట్లో పట్టేంత దగ్గరగానే ఉన్నాయి, కాని కిందికి, ఎడమకి. నా సీసం గుండు కొట్టే చోట కంపెనీ గుండు కొట్టడం లేదు. సుమారు నలభై ఆరు. ఉన్న వెసులుబాటులో సగం అక్కడే పోయింది.

రెండో వరసకి నల్లచుక్కని వదిలేసి, దాని పైన కుడివైపు ఉత్త కాగితం మీద గురి పెట్టాను. కంటికి కనిపించేదాన్ని వదిలి ఖాళీని కొట్టడం మనసుకి కష్టం. చేతికి నచ్చజెప్పాను. యాభై అయిదు దాకా వచ్చాయనిపించింది.

మూడో వరసలో సంత డబ్బాలోంచి తెచ్చిన పాత తూటా ఒకటి పేలలేదు. తుపాకీ సుత్తి పడింది, చప్పుడు లేదు. పక్కన ఎనిమిదో కొయ్య వాడి నలభై అయిదు రివాల్వర్ ఫిరంగిలా మోగుతోంది. నేను ముప్ఫై దాకా లెక్కపెట్టి, చక్రం తిప్పి, మళ్లీ కొట్టాను. పేలింది. కాని గురి కొంచెం జరిగింది. ఆ గుండు ఎనిమిదిలోకి పోయింది.

నాలుగో వరసలో ఏమీ గుర్తులేదు. ఆరు సార్లు మోగింది, అంతే. కాగితం తీసుకున్నప్పుడు కళ్లు మసకగా ఉన్నాయి. నడిమి వలయం గీత మీద రెండు చిల్లులు. గీతని తాకితే పది, తాకకపోతే తొమ్మిది. లావు గుండు వాళ్లకి చిల్లు పెద్దది కాబట్టి ఎలాగో ఒక అంచు తాకుతుంది. ముప్ఫైరెండు చిల్లు చిన్నది. దయ చూపదు. నా లెక్కకి మొత్తం రెండు వందల తొమ్మిది కావచ్చు, పదకొండు కావచ్చు.

ఐదో వరసకి ముందు ఐదు నిమిషాల విరామం. డ్వైట్ నా కొయ్య దగ్గరికి వచ్చి, కోటు జేబులోంచి పెట్టె తీసి కొయ్య తల మీద పెట్టాడు. ముప్ఫైరెండు-ఇరవై. కొత్తది.

“వచ్చాయి,” అన్నాడు.

“ఎప్పుడు?”

“గురువారం.”

“శుక్రవారం అడిగితే రాలేదన్నావు.”

“పనుల్లో చూసుకోలేదు. ఇప్పుడవన్నీ ఎందుకు? ఆరు తీసుకో. డబ్బులొద్దు.” గొంతు తగ్గించాడు. “ఒక్క మాట లోర్నా పుస్తకంలో రాసి సంతకం పెట్టు చాలు. ఈ తుపాకీకి ఇదే ఆఖరు ఏడు అని. గెలిచినట్టే వెళ్లిపోతావు. ఆ ముద్ర ఉన్న చెక్క కోసి, పలకకి బిగించి, క్లబ్బు గోడకి గౌరవంగా పెట్టిస్తా. ఎన్నాళ్లు దేవుళ్లాడతావు పెద్దాయనా? తూటాకి తూటా ఎక్కడ ఏరుకుంటావు?”

“గోడకి కొట్టేది చచ్చినవాటి కొమ్ములు,” అన్నాను.

“నీకు రెండు వందల పది లేదు. నేను కాగితాలు చూశా.”

“అయితే సాయంత్రం చిత్రిక తెచ్చుకో. పెట్టె తియ్యి. కొయ్య మాది.”

తీయలేదు. నేనే తీసి అతని చేతిలో పెట్టాను. అప్పుడు మాయితే గరిటె పట్టుకునే వచ్చింది.

“ఏమిటి గొడవ? తూటాలు చాలలేదా? నేనిచ్చిన యాభై ఏం చేశావు?”

“దాచుకున్నాను.”

“దాచుకున్నావా? పిసినారి పీనుగా! పోటీకి కాకపోతే నీ సమాధిలోకా?” అని గరిటె నా మొహం మీద ఆడించింది. చుట్టుపక్కల అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను.

లోర్నా ఈల వేసింది. పదకొండుమంది తూటాలు నింపుకున్నారు. నేను ఖాళీ చక్రం మూసి, చెయ్యి చాచి, కాగితానికి ఎదురుగా నిలబడ్డాను. గీత వదిలితే పోటీ వదులుకున్నట్టు. వదల్లేదు. చుట్టూ ఉరుములు. నా చేతిలో టక్, టక్. ఆరు సార్లు సుత్తి ఎత్తి ఆరు సార్లు వదిలాను, ప్రతిదానికీ గురి పెట్టే. అందరూ కాల్చడం అయిపోయినా ఇంకా అరనిమిషం ఉంది. తుపాకీ దించేసినా తప్పు పట్టేవారు లేరు. భుజం మండుతోంది. ఈల పడేదాకా అలాగే పట్టుకున్నాను.

తర్వాత ఒక్క చిల్లు కూడా లేని కాగితం తెచ్చి మిగతావాటితో పాటు లోర్నా పెట్టెలో వేశాను.

ఆమె బల్ల దగ్గర కూర్చుని, కొలిచే పుల్ల చిల్లుల్లో పెట్టి, అద్దంతో చూస్తూ లెక్క కట్టింది. డ్వైట్ ఆమె భుజం మీదుగా వంగి నిలబడ్డాడు.

“డ్వైట్, వెలుతురుకి అడ్డం,” అంది. అతను జరిగాడు.

నాలుగో కాగితం దగ్గర చాలాసేపు ఆగింది. ఒక చిల్లుకి తల ఊపింది. రెండోదానికి అద్దం మార్చి చూసింది. మళ్లీ చూసింది. పెన్ను తీసి రాసింది.

“ఏడో కొయ్య. నలభై ఆరు, యాభై అయిదు, యాభై నాలుగు, యాభై ఆరు, సున్నా. రెండు వందల పదకొండు.”

“అదెలా?” అన్నాడు డ్వైట్. “ఆయన ఐదో వరస కాల్చనే లేదు. తూటా లేకుండా నిలబడితే అది పోటీ ఎలా అవుతుంది?”

“ఐదో పేజీ నువ్వు రాసిందే గదా? చదివి వినిపించనా? ఆయన నిలబడ్డాడు. రెండు నిమిషాలూ నిలబడ్డాడు. నేను గడియారం చూస్తూనే ఉన్నా.”

“అయితే వచ్చే ఏడు ఆ నియమం మారుస్తా.”

“మార్చు,” అన్నాను. “ముప్ఫై కావాలని రాయి. ముప్ఫై తెస్తా.”

అతను అల్లుడివైపు చూసి, పెట్టె జేబులో కుక్కుకుని ట్రక్కు దగ్గరికి వెళ్లిపోయాడు. లోర్నా ఆ పేజీ తిప్పి, కొత్త పేజీ మీద వచ్చే సెప్టెంబరు తేదీ వేసింది.

“పేరు రాసుకోనా బెన్యాట్ గారూ?”

“రాయండి.”

“తుపాకీ?”

“అదే.”

“తూటాలు?”

“వెతుకుతున్నాను,” అన్నాను.